శ్రీలంక చేసింది, మనమెందుకు చేయలేం?

పురుగుమందు తాగి రైతు చనిపోయాడంటే అప్పుల గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. ఆ డబ్బాలోని విషం గురించి కూడా మాట్లాడాలి.

1995లో శ్రీలంకలో ప్రతి లక్ష మందిలో దాదాపు 47 మంది ఆత్మహత్యకు బలయ్యారు. పురుగుమందే పెద్ద కారణం. అక్కడి ప్రభుత్వం 1984లో పారాథియాన్‌ను, 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2011 నాటికి గడ్డిమందు పారాక్వాట్‌ను ఆపింది. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యలు 70 శాతం తగ్గాయి. విషం తక్కువున్న మందులు వాడారు. ఈ నిషేధాల వల్ల వరి దిగుబడి పడిపోలేదు. 2021లో రసాయన ఎరువులు, మందులు అన్నీ ఒక్కసారిగా ఆపి పంట పోగొట్టుకున్న సంగతి వేరు.

ఆవేశంలో తాగినా బతికి బయటపడినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ పని చేయరు. పారాక్వాట్‌కు విరుగుడే లేదు. ఆ రెండో అవకాశం ఎక్కడిది?

గిట్టుబాటు ధర, రుణమాఫీ పోరాటం ఆగదు. దాంతోపాటే విరుగుడు లేని మందులను దేశమంతటా నిషేధించాలని, బదులు ఏం వాడాలో వ్యవసాయ శాఖ ఊరూరా చెప్పాలని అడుగుదాం. ఈ నెల గ్రామ కమిటీల్లో తీర్మానం చేసి మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి. దిగులుతో ఉన్న తోటి రైతును ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416 అందరికీ చెప్పండి.