పాత బుల్లెట్ విప్పుతున్నారా? ముందు ఈ లెక్కలు చూసుకోండి

ఆదివారం పొద్దున్నే తూంకుంట మీదుగా శామీర్‌పేట వైపు వెళ్తుంటే రాజీవ్ రహదారి మీద కొత్త బైకుల మధ్య పాత బుల్లెట్లు కూడా కనిపిస్తాయి. మీ ఇంట్లోనూ తాతగారి బండి ఒకటి మూలన ఉందనుకోండి. దాన్ని విప్పి, పవర్ పెంచి, రెజ్యూమెలో ప్రాజెక్టుగా రాసుకుందామన్న ఆలోచన మెకానికల్ చదివేవాళ్లకు రావడం సహజం. ఆలోచన మంచిదే. కానీ 2019 నుంచి చట్టం మారింది, ఉద్యోగాల తీరూ మారింది.

ఒకటి మారిస్తే నాలుగు

బుల్లెట్ పుట్టింది బ్రిటన్‌లో. రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియాను మొదలుపెట్టింది. 1970కల్లా అక్కడ తయారీ ఆగిపోయింది, మద్రాసులో మాత్రం సాగింది. అందుకే పాత బండికి సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మార్చడం తేలికనిపించేదీ అందుకే.

ఎక్కువమంది కోరుకునేది 350ని 500 చేయడం. పాత 350 బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. 500 బోర్ 84, స్ట్రోక్ మాత్రం అదే 90. కాబట్టి సిలిండర్, పిస్టన్, హెడ్ మారిస్తే చాలనిపిస్తుంది. లెక్క వేయండి: పిస్టన్ వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. పెద్ద సిలిండర్ కూర్చోవాలంటే క్రాంక్‌కేస్ నోరు కోయించాలి. పిస్టన్ బరువు మారింది కాబట్టి క్రాంక్ బ్యాలెన్స్ మళ్లీ చూడాలి, లేదంటే బండి వణుకుతుంది. కార్బ్యురేటర్ జెట్ మారాలి. బిగ్ ఎండ్ బేరింగ్‌పై భారం పెరుగుతుంది. బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే!

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే మళ్లీ వెనక్కి మార్చుకోవచ్చు. కోసేసిన క్రాంక్‌కేస్‌ను మార్చుకోలేం. ఏ పని మొదలుపెట్టినా ముందు ఈ తేడా చూసుకోండి.

చట్టం ఏమంటోంది?

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇంజిన్ సీసీ పెంచడం దీని కిందికే వస్తుంది.

ఇంకో నష్టం చాలామంది గమనించరు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, ఇంజిన్ వంటివి పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. ఫీజు రూ.20,000. రోజువారీ తిరగడానికి కుదరదు, ర్యాలీలు, ప్రదర్శనల వంటి వాటికే. తాతగారి బండి ఇంజిన్ మార్చేశారంటే ఈ దారి మూసుకుపోయినట్టే.

మరి ఉద్యోగం మాటేంటి?

ఇక్కడే మంచి వార్త ఉంది. పాత బ్రిటిష్ పేర్లు ఇప్పుడు మన కంపెనీల చేతుల్లో ఉన్నాయి. నార్టన్‌ను 2020లో టీవీఎస్ కొనేసింది. మహీంద్రా గ్రూపుకు చెందిన క్లాసిక్ లెజెండ్స్ బీఎస్‌ఏ గోల్డ్ స్టార్‌ను 2024లో ఇక్కడి మార్కెట్లోకి తెచ్చింది. ట్రయంఫ్ 400 బైకులను 2023 నుంచి బజాజ్ తయారుచేస్తోంది. మన రాష్ట్రంలోనూ టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది.

ఇలాంటి కంపెనీల్లో డిజైన్, టెస్టింగ్, హోమోలోగేషన్ విభాగాలకు కావాల్సింది 'సౌండ్ పెంచాను' అనేవాళ్లు కాదు. ఒక భాగం మారితే మిగతా వాటికి ఏమవుతుందో, అది నిబంధనలకు లోబడి ఉందో లేదో లెక్కతో చెప్పగలిగేవాళ్లు.

అందుకే బండిని ఒరిజినల్‌గా బాగుచేయండి. ప్రతి భాగాన్ని విప్పినప్పుడు ఫొటో తీయండి. సిలిండర్ అరుగుదలను బోర్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. పాత బోల్టులు మెట్రిక్ కాకపోవచ్చు, ఏ థ్రెడ్డో చూసి నోట్ చేయండి. 500 మార్పును క్యాడ్‌లో గీసి, బ్యాలెన్స్ లెక్క కాగితం మీద చేయండి. ఇంటర్వ్యూలో 'ఎందుకు మార్చలేదు?' అని అడిగితే మీ దగ్గర కొలతలతో సహా సమాధానం ఉంటుంది. ఆర్‌సీ కూడా భద్రంగా ఉంటుంది.