స్టేడియం ముందు శిల్పం, ఆ శిల్పానికి వస్తువు



తెలుగు సాహిత్య సభలకు వెళ్లే వాళ్లందరికీ ఒక మాట బాగా తెలుసు. దళిత కవి ఎవరైనా కొత్త పుస్తకం వేస్తే, ఒక పెద్దాయన మైకు అందుకుని "వస్తువు బలంగా ఉంది, శిల్పం మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అంటాడు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ మాట ఎన్ని సెమినార్లలో విన్నానో లెక్కలేదు. మొదట్లో నిజమే కాబోలు అనుకునేదాన్ని. పోనుపోను అర్థమైంది. వస్తువు గురించి మాట్లాడాలంటే ఊరి పేరు, కులం పేరు, చంపినవాడి పేరు మాట్లాడాలి. శిల్పం గురించి మాట్లాడేవాడికి ఆ ఇబ్బంది లేదు.

పోయిన నెల క్లాసులో ఈ పాఠమే చెబుతున్నాను. ఈసారి నిజం శిల్పాన్నే ఉదాహరణగా తీసుకుందామని పిల్లలకు ఫోన్లో ఒక ఫొటో చూపించాను. 2012 ఒలింపిక్స్ కోసం లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో కట్టిన స్టేడియం పక్కన నిలబడిన ఎర్రటి ఇనుప కట్టడం అది. పేరు ఆర్సెలర్‌మిట్టల్ ఆర్బిట్. ఒక అమ్మాయి జిలేబీ అంది. ఇంకొకడు జాతరలో జెయింట్ వీల్ మెలితిరిగినట్టుంది అన్నాడు. అందరూ నవ్వారు. అక్కడి జనం కూడా ఇంచుమించు ఇలాగే అన్నారు. హుక్కా గొట్టంతో పోల్చినవాళ్లున్నారు. ఇది మన కాలపు గొప్ప కళ అని వెనకేసుకొచ్చిన విమర్శకులూ ఉన్నారు.

ముందు లెక్కలు చెప్తాను. దాని ఎత్తు 114.5 మీటర్లు. శిల్పి అనీశ్ కపూర్ బొంబాయిలో పుట్టినవాడు. ఆయనతో కలిసి రూపకల్పన చేసిన ఇంజినీరు సెసిల్ బాల్మండ్ శ్రీలంకలో పుట్టినవాడు. ఖర్చు సుమారు 2 కోట్ల 27 లక్షల పౌండ్లు. అందులో ఎక్కువ భాగం లక్ష్మీ మిట్టల్ ఉక్కు కంపెనీ సమకూర్చింది, 31 లక్షల పౌండ్లు ప్రజల సొమ్ము. 2009లో దావోస్ సదస్సులో కోట్లు తగిలించే గదిలో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్, మిట్టల్ ఎదురుపడ్డారు. మేయర్ అడిగాడు, మిట్టల్ సరేనన్నాడు. ఆ మాటలకు నిమిషం కూడా పట్టలేదని వాళ్లే చెప్పుకున్నారు.

తర్వాత పెద్ద చర్చ జరిగింది. అందంగా ఉందా, వికారంగా ఉందా? జనం ఉద్యోగాలు పోయి ఏడుస్తుంటే ఇంత డబ్బు ఇనుము మీద పోయడం ఏమిటి? డబ్బు చాలావరకు మిట్టల్‌ది కదా, మీకేం బాధ? ఒలింపిక్స్ అయ్యాక పైకి ఎక్కి చూడడానికి పెద్దవాళ్లకు టికెట్ 15 పౌండ్లు పెట్టారు. అనుకున్నంత మంది రాలేదు. 2014-15లో 5 లక్షల పౌండ్లకు పైగా నష్టం వచ్చింది. జనాన్ని రప్పించడానికి 2016లో దానికి 178 మీటర్ల జారుడు గొట్టం తగిలించారు. విమర్శకులకు మళ్లీ పని దొరికింది. జారుడుబల్ల తగిలించాక అది శిల్పమా, వినోదయాత్రా అని.

ఇదంతా శిల్ప చర్చే. వస్తువు దగ్గరకు వద్దాం.

ఆ పార్కు ఖాళీ నేల మీద పుట్టలేదు. అక్కడ క్లేస్ లేన్ అనే సహకార గృహ సముదాయం ఉండేది. నాలుగు వందల మందికి పైగా తక్కువ అద్దెలకు బతికేవాళ్లు. ఒలింపిక్స్ కోసమని భూమిని నిర్బంధంగా సేకరించి 2007లో వాళ్లను ఖాళీ చేయించారు. పక్కనే కుటుంబాలు తరతరాలుగా కూరగాయలు పండించుకుంటున్న మేనర్ గార్డెన్ మడులు ఉండేవి. అదే ఏడాది అవీ పోయాయి. ఖాళీ చేసి వెళ్లినవాళ్లను ఇక్కడ ఏ బొమ్మ పెడదామని ఎవరూ అడగలేదు.

ఇంకా లోతైన వస్తువు బోస్నియాలో ఉంది. ప్రియెదోర్ పట్టణం దగ్గర ఒమార్స్కా అనే ఇనుప గని ఉంది. 1992 మే నుంచి ఆగస్టు దాకా బోస్నియా సెర్బు బలగాలు దాన్ని నిర్బంధ శిబిరంగా మార్చాయి. బోస్నియా ముస్లింలను, క్రోయట్లను వేలమందిని అందులో కుక్కారు. వందలమందిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఆ రోజుల్లోనే ఆ పట్టణంలో సెర్బులు కానివాళ్లు ఇళ్లకు తెల్లగుడ్డ వేలాడదీయాలని, చేతికి తెల్ల పట్టీ కట్టుకోవాలని ఆదేశించారు. మెడకు ముంత, నడుముకు తాటాకు కట్టించుకున్న తాతల మనవళ్లకు ఆ తెల్ల పట్టీ అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

2004లో ఆ గనుల్లో 51 శాతం వాటా మిట్టల్ కంపెనీ చేతికి వచ్చింది. మా వాళ్లు చచ్చిపోయిన చోట స్మారకం కట్టుకుంటామని బతికి బయటపడినవాళ్లు అడిగారు. 2005లో కంపెనీ సరేనంది. స్థానికంగా వ్యతిరేకత రాగానే 2006లో ఆపేసింది. స్థానిక వర్గాలన్నీ ఒక మాట మీదికి వస్తేనే కుదురుతుంది, మేం ఒక పక్షం వహించలేం అన్నది దాని వాదన. అందుకే 2012 జులైలో, ఒలింపిక్స్ మొదలు కాబోతుండగా, ఆ బాధితులు లండన్ వెళ్లి ఆర్బిట్ దగ్గర నిలబడ్డారు. మా నేల మీద మాకు స్మారకం కట్టనివ్వడం లేదు కాబట్టి ఇదే ప్రవాసంలో ఉన్న మా ఒమార్స్కా స్మారకం అని ప్రకటించారు. మా గని ఇనుము కూడా ఇందులో ఉందని ఆరోపించారు. ఆ ఇనుము సంగతి పక్కన పెట్టినా వాళ్ల ప్రశ్న అలాగే నిలబడుతుంది. పరాయి నగరంలో ఎవరూ అడగని బొమ్మకు కోట్ల పౌండ్లు ఇచ్చిన కంపెనీ, తన సొంత గనిలో చచ్చిపోయినవాళ్ల కోసం ఒక రాయి నిలబెట్టడానికి ఎందుకు వెనకాడింది?

"అందరూ ఒప్పుకుంటేనే." ఈ మాట చదివినప్పుడు నాకు మా పల్లె గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా పేట వాళ్లు ఇంటికింత అని చందాలేసుకుని అంబేడ్కర్ విగ్రహం చేయించారు. మా నాన్న రెండు వారాల కూలి ఇచ్చాడు. సెంటర్లో పెడదామంటే ఊళ్లో పెద్దలు కాదన్నారు. శాంతి కమిటీ వేశారు. వచ్చిన అధికారి మంచివాడే, గట్టిగా కూడా మాట్లాడలేదు. "అందరూ ఒప్పుకుంటే పెట్టుకోండయ్యా, నాకేం అభ్యంతరం" అన్నాడు. మూడేళ్లు ఆ విగ్రహం చర్చి పక్క షెడ్డులో గోనెపట్టా కప్పుకుని నిలబడింది. చివరికి మా పేట మొదట్లోనే పెట్టుకున్నాం. సెంటర్లో అప్పటికే ఉన్న మిగతా విగ్రహాలకు ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

లండన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. అంబేడ్కర్ 1921-22లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతూ 10 కింగ్ హెన్రీస్ రోడ్డులో ఉన్నారు. ఆ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో 30 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొని స్మారకంగా మార్చింది. ఆర్బిట్‌లో పడిన ప్రజల సొమ్ముకూ దీనికీ పెద్ద తేడా లేదు. అయితే ఇక్కడ ఇరుగుపొరుగు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. సందర్శకులు వస్తున్నారు, సందడి ఎక్కువైంది అన్నారు. నివాస గృహాన్ని మ్యూజియం చేయడానికి వీల్లేదని కామ్డెన్ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. విచారణ జరిగి, విషయం మంత్రి దాకా వెళ్లి, 2020 మార్చిలో గానీ అనుమతి రాలేదు. ఇల్లున్న వీధిలో నియమాలు ఉండకూడదని నేననను. కానీ ఒకే నగరంలో ఒక ఉక్కు వ్యాపారి పేరుతో 114 మీటర్ల బొమ్మకు నిమిషంలో బీజం పడింది. అంటరానివాడిగా పుట్టి అక్కడికి వచ్చి చదువుకున్న ఒక విద్యార్థి గదికి అనుమతి రావడానికి ఏళ్లు పట్టింది.

డబ్బున్నవాడి శిల్పానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. చచ్చిపోయినవాళ్ల గుర్తుకు మాత్రం అందరి అంగీకారం కావాలి, చంపినవాళ్ల వైపు వాళ్లది కూడా. పబ్లిక్ ఆర్ట్ గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎంత ఖర్చయిందని అడగడం తప్పు కాదు. కానీ ఎవరిని అడిగి పెట్టారు, ఎవరిని అడగమని తిప్పి పంపారు అన్నది దానికంటే ముందు అడగాలి.

ఒమార్స్కా బాధితులు ఏటా ఆగస్టు 6న ఆ గని దగ్గర కలుస్తారు. ఆ తేదీ మనకూ తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మనవాళ్లు ఎవరి ఒప్పుకోలు కోసమూ ఆగలేదు. ఆ దేహాలను ఊళ్లోనే పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు కాగితం మీద హంతకులు లేకుండా పోయారు. ఆ నేల మీద సమాధులు మాత్రం ఉన్నాయి. వాటిని చూసి శిల్పం బాగుందా లేదా అని అడిగే ధైర్యం ఏ విమర్శకుడికైనా ఉందా?

ఇదంతా చెప్పాక వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు. "మేడం, మరి హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం? దానికీ కోట్లు పెట్టారు కదా. దాన్నెందుకు అడగరు?"

క్లాసంతా నా వైపు చూసింది. ఆ కుర్రాడు డిగ్రీ చదివిన కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని వాడి సర్టిఫికెట్లు ఇంకా ఇవ్వలేదు. జిరాక్సులు పెట్టుకుని పీజీలో కూర్చున్నాడు. వాడు అడగడానికి అడగలేదు, నిజంగానే అడిగాడు.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. 2023 ఏప్రిల్ 14న ఆ విగ్రహం ఆవిష్కరించిన తర్వాత మా అమ్మను తీసుకెళ్లి చూపించాను. ఆమె తల పూర్తిగా వెనక్కి వాల్చి చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. షెడ్డులో గోనెపట్టా కింద నిలబడ్డ విగ్రహాన్ని చూసినవాళ్లకు ఆ ఎత్తు ఏమిటో తెలుసు. దాన్ని వృథా ఖర్చు అనే అగ్రకుల నోళ్లతో నేను గొంతు కలపను. మిగతా విగ్రహాలప్పుడు వాళ్లు నోరెత్తరు.

కానీ వాడి ప్రశ్న వాళ్ల ప్రశ్న కాదు. సుమారు 146 కోట్లు పెట్టిన ప్రభుత్వాన్ని మా సర్టిఫికెట్లేవి అని అడిగే హక్కు వాడికుంది. ఆ విగ్రహం చేతిలో పుస్తకం పెట్టినవాళ్లు వాడి చేతిలో సర్టిఫికెట్ పెట్టాలి. లండన్ బొమ్మను అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడుగుదాం. ఎవరిని అడిగి పెట్టారు? మనల్ని పిలిచింది మాట్లాడడానికా, చప్పట్లు కొట్టడానికా? ఈ ప్రశ్న అడిగితే అంబేడ్కర్ చిన్నబోడు. అడగకపోతే ఆయన్ను కూడా మనం ఒట్టి శిల్పం చేసినట్టే.

వాడు కూర్చుంటూ "అయితే ఆ విగ్రహం దగ్గరికే వెళ్లి అడుగుదామా మేడం?" అన్నాడు. అడుగుదాం అన్నాను. వచ్చే వారం సర్టిఫికెట్లు ఆగిపోయిన పిల్లల జాబితా రాసుకుంటున్నాం. మీ కాలేజీలో అలాంటి వాళ్లుంటే నాకు రాయండి. మీ ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది, ఎవరు ఒప్పుకోలేదు, ఎన్నేళ్లు ఆగింది, అది కూడా రాయండి. ఆ కథల్లో శిల్పం గురించి దిగులు పడకండి.

జై భీమ్.