ఈసారి వేదిక మీద మీరుండాలి

మస్కట్‌లోనో, రియాద్‌లోనో, అడిస్ అబాబాలోనో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొత్త కాలేజీలో మీ చేతికి టైంటేబుల్ ఇచ్చి తరగతి గది చూపించి ఉంటారు. ఏడాది తిరిగేసరికి పాఠం కంఠతా వచ్చేస్తుంది, బుర్ర మొద్దుబారడం మొదలవుతుంది. కాంట్రాక్టు రెన్యూవల్, ఇంటికి పంపాల్సిన డబ్బు, సెలవుల టికెట్టు, ఇక ధ్యాసంతా వీటి మీదే. ఆ మత్తు వదలాలంటే టీచర్ల సదస్సులకు వెళ్లండి. వెళ్లి వెనక వరుసలో కూర్చుని రాకండి, మాట్లాడి రండి.

సదస్సులకు కొదవ లేదు. మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఏళ్లుగా నడుపుతున్న సదస్సు ఉంది. కొరియాలో కొటెసోల్, థాయిలాండ్‌లో థాయ్ టెసోల్ అనే టీచర్ల సంఘాలు నడిపేవి ఉన్నాయి. జపాన్‌లోని జాల్ట్ సంగతి వినండి. 1970ల నడిమి కాలంలో కాన్సాయ్ ప్రాంతంలో భాషలు నేర్పే టీచర్లు కొందరు కూడి పెట్టుకున్న సంఘమది. వాళ్లలో పరాయి దేశం నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లూ ఉన్నారు, మీలాగే. ఇవాళ దేశమంతటా దానికి శాఖలున్నాయి.

సదస్సులో ఒక్క చర్చ ఏం చేయగలదో చూడండి. "నేటివ్ స్పీకర్లు మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి" అన్న ఉద్యోగ ప్రకటన చూసి మీలో ఎంతమంది మనసు చిన్నబుచ్చుకున్నారో! 1996లో చికాగోలో జరిగిన, ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టెసోల్ సదస్సులో జార్జ్ బ్రెయిన్ ఈ వివక్షనే నలుగురిలో చర్చకు పెట్టాడు. శ్రీలంకలో పుట్టి హాంకాంగ్‌లో పాఠాలు చెప్పిన మనిషి. తనలాగే ఇంగ్లీషు మాతృభాష కాని టీచర్లను పోగుచేసి వాళ్ల గొంతుతోనే చెప్పించాడు. రెండేళ్లకు, 1998లో, ఆ సంస్థలో అలాంటి టీచర్లకంటూ ఒక విభాగం ఏర్పడింది. 2006లో టెసోల్ ఈ వివక్షను వ్యతిరేకిస్తూ అధికారికంగా ప్రకటన చేసింది. వివక్ష పోయిందా? పోలేదు, అలాంటి ఉద్యోగ ప్రకటనలు ఇంకా పడుతూనే ఉన్నాయి. కానీ ఒక్క గదిలో జరిగిన చర్చ అంత దూరం నడిచింది.

"నా దగ్గర చెప్పడానికేముంది?" అంటారు. ఎందుకు లేదు? పార్కింగ్‌ను బార్కింగ్ అనే అరబ్బు కుర్రాళ్లు మీ ముందు కూర్చుంటారు. వాళ్ల భాషలో ప శబ్దం లేదని మీకు తెలుసు. స్ప్రింగ్ అనడానికి ముందు ఇకారం చేర్చేవాళ్లనూ వింటారు. ఇస్కూలు, ఇస్టేషను అనే ఊళ్లో పెరిగినవాళ్లకు ఆ కష్టం ఎక్కడ మొదలవుతుందో పుస్తకం చూసి తెలుసుకోవాలా? ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడికి లేని అనుభవం అది, దాన్ని బయటపెట్టండి. మామూలు తరగతి అనుభవం ఎంత దూరం వెళ్తుందో చూడండి: ఇంగ్లీషు బోధనలో పేరున్న ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో చేసిన ప్రయోగం 1987లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. పిల్లలకు పని అప్పగించి భాష నేర్పడమనే చర్చ ఎక్కడ జరిగినా ఆ బడుల ప్రస్తావన వస్తుంది.

సదస్సుకు నెలల ముందే సంఘాలు ప్రతిపాదనలు అడుగుతాయి. రాయాల్సింది చిన్న సారాంశమే. చాలాచోట్ల పరిశీలించేవాళ్లకు మీ పేరు కూడా కనపడదు, ఇక మీ పాస్‌పోర్టు రంగు చూసేదెవరు? ఖర్చుకు వెనకాడేవాళ్లు బ్రిటన్‌లోని అయాటెఫల్ అనే ఇంగ్లీషు టీచర్ల సంఘం ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెట్టండి.

పోయిన వారం తరగతిలో ఏ పాఠం బెడిసికొట్టిందో ఈ రాత్రే రాయండి. ఎందుకు బెడిసిందనుకుంటున్నారో, మళ్లీ ఏం చేసి చూశారో రాయండి. అదే మీ ప్రతిపాదన. ఒకరు కాదంటే ఇంకొకరికి పంపండి. ఎంపికైతే, స్లయిడ్లు చూసి చదవకండి, పిల్లల సంగతి చెప్పండి. సర్టిఫికెట్ ఎక్కడిస్తారని మొదటి గంటలోనే ఆరా తీయకండి. భోజనాల దగ్గర మాత్రం దయచేసి మనవాళ్లంతా ఒక్క బల్ల చుట్టూ చేరకండి!