అవ్వ గొంతు మీద అక్షరాల గంతులు

జూపాడు బంగ్లాలో ఒక అవ్వ చెప్పిన కథ రికార్డు చేశాను. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళలో ఆమెది ఒకటి. స్త్రీల మౌఖిక చరిత్రల మీద పనిచేసే ఒక సంస్థ ఆ గొంతుకి తెర మీద కదిలే అక్షరాలు జోడించి చిన్న వీడియో చేసింది. చూశాక నాకు ఒళ్ళు మండింది.

అవ్వ అన్నది: "నీళ్లొచ్చినాయి. మేం యాడికి పోయేది?" తెర మీద కనపడింది: "నీళ్ళు వచ్చాయి. మేము ఎక్కడికి వెళ్ళాలి?" చెవికొక భాష, కంటికొక భాష! ఆ రెండు మాటల మధ్య ఆమె చాలాసేపు ఆగింది. కథంతా ఆ మౌనంలోనే ఉంది. కానీ ఆమె నోరు తెరవకముందే ప్రశ్న తెర మీదకొచ్చి కూర్చుంది. 'నీళ్ళు' అన్న మాటేమో అలలాగా ఊగుతూనే ఉంది. ఊరు మునిగిన మనిషి మాటతో ఈత కొట్టించడానికి మనసెలా ఒప్పింది?

చివర్లో 'స్త్రీ' అన్న మాట టైపు కొట్టినట్టు ఒక్కొక్కటిగా వచ్చింది. స, స్, స్త, స్త్, స్త్ర... కంప్యూటర్‌కి అది ఆరు సంకేతాల వరస. మనకి ఒకే అక్షరం, ఒకే ఊపిరి. ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైన విన్యాసాన్ని ఆలోచించకుండా తెచ్చి అతికిస్తే, ఐదు వికృతరూపాలు దాటితేగానీ స్త్రీ స్త్రీ కాలేదు.

ఈ పని చక్కగా చేసినవాళ్ళు లేకపోలేదు. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టిన 'అదే భాషలో సబ్‌టైటిల్స్' ప్రయత్నం దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమాలదాకా వెళ్ళింది. అందులో ఆర్భాటం లేదు. పాట చరణం తెర కింద కుదురుగా ఉంటుంది. పాడుతున్న మాట, పాడుతున్న క్షణాన రంగు మారుతుంది. అంతే. కొత్తగా చదువొచ్చిన మనిషి కన్ను చెవిని పట్టుకుని నడుస్తుంది. విన్నదొకటి, రాసిందొకటి అయితే ఆ నడక అక్కడే తెగిపోతుంది.

మిగతా జిల్లాలవాళ్ళకి అర్థం కావద్దా అని అడిగారు. 'యాడికి' అర్థం కాకపోతే ఆ గొంతులోని దిగులే అర్థం చెప్తుంది. కోస్తా రెండు మూడు జిల్లాల భాషే ప్రమాణమా అని మనం ఎన్ని వ్యాసాలు రాయలేదు? ఆ వ్యాసాలు రాసిన చేతులతోనే అవ్వ మాటని దిద్దాం. రికార్డు ఇచ్చేసి, రాతప్రతి చూపించమని అడగని నాకూ ఇందులో పాలుంది.

కదలిక లేకపోతే కుర్రవాళ్ళు చూడరన్నారు. కదలిక వద్దని ఎవరన్నారు? కదిలేది గొంతు కనక అక్షరం దాని వెనక కదలాలి. ఆమె ఊపిరి తీసుకున్నచోట పాదం విరగాలి. ఆమె ఆగితే తెర కూడా ఆగాలి, ఖాళీగానైనా సరే.

ఇది అలంకారం గొడవ కాదు. నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో 'సీతమ్మ కథ' పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారంటే, ఆ అక్షరాల్లో తమ బతుకు తమకి కనపడబట్టే కదా!

వీడియో అవ్వకి చూపించాను. వయోజన విద్యలో నేర్చుకున్న నాలుగక్షరాలతో కూడబలుక్కుంటూ చదివింది. 'ఎక్కడికి' దగ్గర ఆగిపోయింది. "నేనిట్ల అన్లేదు పాపా" అంది. తనకే చదవడం రాలేదేమోనని నావైపు చూసింది.

ఆ చూపుకి నేను జవాబు చెప్పుకోవాలి. ఆమె మాట ఆమె అన్నట్టు రాసేదాకా ఆ రికార్డు వాడొద్దని సంస్థకి ఉత్తరం రాశాను. చాదస్తం అన్నారు. ఊరు పోయిన మనిషికి మిగిలింది మాటే. దాన్ని కూడా మనమే ముంచుదామా?