కారం తినకపోతే రోషం లేనట్లా?

పోటీ పరీక్షలకు చదువుకుందామని పల్లెల నుంచి పట్నం వెళ్లే పిల్లలు చాలామంది చేరేది ముషీరాబాద్ ప్రాంతంలోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులకే. పగలంతా చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో చదువు, పూటపూటకూ మెస్సులో భోజనం. అక్కడ ఒకే బల్ల దగ్గర రెండు రకాల వారు కనిపిస్తారు. ఒకడు వేడి అన్నంలో కారప్పొడి కలుపుకుని, చాలక పచ్చిమిరపకాయ కొరుకుతాడు. పక్కవాడు పప్పులోని మిరపకాయ ముక్కను ఏరి అవతల పెడతాడు. వెంటనే "ఉప్పూ కారం తినడం లేదురా?" అన్న ఎత్తిపొడుపు వినిపిస్తుంది.

ఈ మాట పల్లెలకూ కొత్త కాదు. కోడలు కూరలో కారం తగ్గించినా ఇదే మాట, పిల్లవాడు మంటకు కంటనీరు పెట్టినా ఇదే మాట. కారానికీ రోషానికీ ముడిపెట్టడం అలవాటైపోయింది. ఆ ముడిలో పస ఎంతో చూడాలి.

మిరప ఈ నేల మీద పుట్టిన పంట కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కోడగామా వచ్చిన తరువాత పోర్చుగీసు వర్తకుల ఓడల్లో అది మన దేశం చేరింది. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది, పిప్పళ్లది, అల్లానిది. పదమూడో శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి మిరపకాయ రుచి ఎరుగదు. ఆమెకు రోషం తక్కువని ఎవరైనా అనగలరా?

తీపి, పులుపు మాదిరిగా కారం నాలుకకు తెలిసే రుచి కాదు. అది మంట. కాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగంలో క్యాప్సైసిన్ అనే పదార్థం పుడుతుంది. వేడి తగిలినప్పుడు మెదడుకు కబురు పంపే నరాల కొనలనే ఇది కూడా తట్టి లేపుతుంది. ఈ రహస్యాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఛేదించింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. పక్షులకు ఈ మంట తెలియదు. చిలుకలు పండుమిరపను హాయిగా తినేది అందుకే.

మనుషుల్లో కొందరికి పుట్టుకతోనే మంట ఎక్కువగా తెలుస్తుంది. రోజూ తినేవారికి ఆ నరాల స్పందన క్రమంగా తగ్గుతుంది. మెక్సికోలోని ఒక పల్లెలో పరిశీలన జరిపిన పాల్ రోజిన్ బృందం 1980లో ఒక సంగతి వెల్లడించింది. అక్కడి పిల్లలు అయిదు నుంచి ఎనిమిదేళ్ల వయసులో, పెద్దల బలవంతం లేకుండానే, ఇంట్లోవాళ్లు తినేది చూసి కొద్దికొద్దిగా కారానికి అలవాటు పడుతున్నారు. ప్రమాదం లేదని తెలిసిన మంటలో మనిషికి ఒక సరదా ఉందని రోజిన్ అభిప్రాయం. అంటే కారం మీద ఇష్టం కొంత ఒంటితీరు, కొంత ఇంటి అలవాటు. ఇందులో గొప్పా లేదు, చిన్నతనమూ లేదు.

కారం తింటే కడుపులో పుండ్లు పడతాయన్న భయమూ పూర్తిగా నిజం కాదు. వాటికి ముఖ్య కారణం ఒక సూక్ష్మక్రిమి అని కనుగొన్న ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ వచ్చింది. నొప్పి మాత్రలు అతిగా మింగడం మరో కారణం. అయితే గుండెల్లో మంట, కడుపునొప్పి ఉన్నవారికి కారం ఆ బాధను పెంచగలదు. అటువంటివారిని మాటలతో రెచ్చగొట్టి తినిపించడం తగని పని. నోరు మండినప్పుడు నీళ్లు తాగితే ఫలితం అంతంతే. పాలు, పెరుగు మేలు.

మిరపకు విలువ ఘాటు ఒక్కదానితోనే రాదని రైతుకు బాగా తెలుసు. ఎర్రని రంగుకూ తక్కువ కారానికీ పేరుపడిన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. తక్కువ కారం కాయకే అంత గౌరవం ఇచ్చినప్పుడు తక్కువ కారం తినే మనిషిని ఎగతాళి చేయడం ఏం న్యాయం?

మెస్సులవారు కూర మితంగా వండి కారప్పొడి వేరుగా బల్ల మీద పెడితే ఇద్దరి ఆకలీ తీరుతుంది. ఇళ్లలోనూ అంతే. ఊరు విడిచి చదువుకోసం వెళ్లిన పిల్లవాడు ఎత్తిపొడుపుకు వెరచి అర్ధాకలితో లేవకూడదు. ఎంత కారం కావాలో కంచం ముందు కూర్చున్నవారికే తెలుసు. రోషం చూపడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.