పందెంరాయుళ్లు చూస్తున్నారు, మన అమ్మాయిలు జాగ్రత్త

‘చాలా బాగా ఆడుతున్నావు, స్పాన్సర్ కావాలా?’ టెన్నిస్ ఆడే అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌కి ఇలాంటి మెసేజ్ రావడం ఇప్పుడు వింతేమీ కాదు. పంపినవాడు ముక్కూమొహం తెలియనివాడు. రెండు రోజులు ఆట గురించే మాట్లాడతాడు. మూడో రోజు మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెడతాడు. మ్యాచ్ ఓడిపోనక్కర్లేదట, రెండో సెట్‌లో మొదటి సర్వీస్ గేమ్ ఒక్కటి వదిలేస్తే చాలట. అందుకు ఇస్తానన్న డబ్బు చూస్తే, నాలుగు టోర్నీలు తిరిగినా ఆ అమ్మాయికి రానంత.

ఆ మెసేజ్ వచ్చిన రోజున ఏం చేయాలో మన అమ్మాయిల్లో ఎంతమందికి తెలుసు? వాళ్ల నాన్నలకు తెలుసా? అకాడమీలో ఫోర్‌హ్యాండ్ నేర్పిన కోచ్ దీని గురించి ఒక్కసారైనా చెప్పాడా? చెప్పకపోతే ఈ వారమే చెప్పాలి. తర్వాత చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదిది.

ముందు లెక్క చూడండి. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు డబ్ల్యూ15. టోర్నీ మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు. ఏడు రోజులు ఆడి టైటిల్ గెలిచిన అమ్మాయికి దక్కేది సుమారు 2,350 డాలర్లు, 15 ర్యాంకింగ్ పాయింట్లు. మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో ఓడితే సుమారు 150 డాలర్లు, అంటే మన డబ్బులో 13 వేలకు అటూఇటూ. క్వాలిఫయింగ్‌లోనే ఓడితే పైసా రాదు. ఆ దేశంలో పన్ను పట్టుకుంటే ఆ కాస్తలోనూ కోతే. హోటల్, తిండి, విమానం టికెట్, వీసా, వారానికి రెండు మూడుసార్లు రాకెట్‌కి గట్ వేయించడం, వీటన్నిటికీ డబ్బు ఇంటి నుంచే రావాలి. కోచ్‌ను వెంట తీసుకెళ్లే స్తోమత ఎవరికుంది? అందుకే ట్యునీషియాలోని మొనాస్టిర్‌కో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌కో పోయి, ఒకే ఊళ్లో వరసగా మూడు నాలుగు వారాలు ఆడుకుని వస్తారు. తోడు ఉంటే అమ్మో నాన్నో ఉంటారు. చాలాసార్లు వాళ్లూ ఉండరు. ఈ టోర్నీల్లో ఆడేందుకు కనీస వయసు 14 ఏళ్లు. అది గుర్తుంచుకోండి.

అట్టడుగు మెట్టు కోర్టు ఎలా ఉంటుందో టీవీలో గ్రాండ్‌స్లామ్ చూసేవారికి తెలియదు. చాలాచోట్ల బంతులు అందించే పిల్లలు ఉండరు, ఆడేవాళ్లే ఏరుకోవాలి. లైన్ జడ్జీలు ఉండరు. చైర్‌లో ఒక అంపైర్, చేతిలో టాబ్లెట్. ప్రేక్షకులంటే ఎదుటి అమ్మాయి తల్లి, తర్వాతి మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ముగ్గురు. అంపైర్ టాబ్లెట్ మీద ప్రతి పాయింటుకూ ఒక నొక్కు నొక్కుతాడు. ఆ నొక్కు కొన్ని సెకన్లలో ప్రపంచమంతటా బెట్టింగ్ సైట్లలో కనిపిస్తుంది. చూడ్డానికి పదిమంది లేని ఆట మీద ఎక్కడో ఎవడో పందెం కాస్తున్నాడు. ఆ కొన్ని సెకన్ల తేడాను సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. కంచె పక్కన చెట్టుకింద చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ప్రతి పాయింటుకూ పెదవులు కదుపుతూ, ఎవరు గెలిచినా చప్పట్లు కొట్టని మనిషి కనిపిస్తే అనుమానించాల్సిందే. స్కోరు అధికారికంగా వెళ్లేలోపే ఫోన్‌లో చేరవేయడం అతని పని. అంపైర్లు అందరూ మంచివాళ్లే అనుకోవడానికీ లేదు. ఇలాంటి వ్యవహారాల్లో 2015లో కజకిస్థాన్‌కు చెందిన ఒక అంపైర్‌పై జీవితకాల నిషేధం పడింది.

ఈ ప్రమాదం పెద్దలకు తెలియక కాదు. టెన్నిస్‌లో అవినీతిపై ఆడమ్ లూయిస్ నాయకత్వంలో వేసిన స్వతంత్ర కమిటీ 2018 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చింది. ఏటా దాదాపు 15 వేల మంది ప్రొఫెషనల్ టోర్నీలు ఆడుతుంటే, ఖర్చులు పోను నష్టం లేకుండా బయటపడేవాళ్లు 250 నుంచి 350 మందేనని అది తేల్చింది. సర్వేకు జవాబిచ్చిన 3,200 మందికి పైగా ఆటగాళ్లలో 14.5 శాతం మంది ఫిక్సింగ్ గురించి తమకు స్వయంగా తెలుసన్నారు. అట్టడుగు టోర్నీల లైవ్ స్కోర్లను బెట్టింగ్ వ్యాపారానికి అమ్మడమే ఈ జబ్బుకు పెద్ద కారణమని, ఆ అమ్మకం ఆపాలని కమిటీ మొహమాటం లేకుండా చెప్పింది. అంతకుముందు 2016 నుంచి ఐదేళ్లకు ఆ స్కోర్ల హక్కుల్ని స్పోర్ట్‌రాడార్ అనే క్రీడల డేటా సంస్థకు అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఇచ్చిన ఒప్పందం విలువ 7 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. నివేదిక వచ్చి ఏళ్లు గడిచినా డబ్ల్యూ15 మ్యాచ్‌ల మీద పందాలు నడుస్తూనే ఉన్నాయి. మొదటి రౌండ్‌లో ఓడిన పిల్లకు 150 డాలర్లు ఇచ్చే ఆటలో ఆ పిల్ల స్కోరు మాత్రం కోట్లకు అమ్ముడుపోతుంది. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు.

ఈ వల ఎంత పెద్దదో బెల్జియం కేసు చూస్తే తెలుస్తుంది. గ్రిగోర్ సర్గ్‌స్యాన్ అనే మనిషిని అందరూ ‘మాయెస్ట్రో’ అనేవారు. డబ్బుకు కటకటలాడే చిన్న టోర్నీల ఆటగాళ్లతో స్నేహం కలుపుకుని, ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టి, 180 మందికి పైగా ఆటగాళ్లను తన వైపు తిప్పుకున్నాడు. 2023లో అక్కడి కోర్టు అతనికి ఐదేళ్ల జైలు శిక్ష వేసింది. అతను చిక్కాక ఆ ఆటగాళ్లలో కొందరు ఆటకే దూరమయ్యారు. మన తల్లిదండ్రులు గమనించాల్సింది ఒకటుంది. ఆ వలలోకి లాగింది ముక్కూమొహం తెలియని బుకీ మాత్రమే కాదు, తోటి ఆటగాళ్లు కూడా. డబుల్స్‌లో పక్కన ఆడిన అమ్మాయే ‘ఒకసారి మాట్లాడి చూడు’ అని నంబరు ఇస్తుంది. అందుకే తెలియనివాళ్లతో మాట్లాడొద్దు అని చెప్పి ఊరుకుంటే చాలదు.

ఇక నిబంధనలు. 2021 నుంచి టెన్నిస్‌లో అవినీతి వ్యవహారాలు చూస్తున్నది అంతర్జాతీయ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ. ఐటీఐఏ అంటారు. ఫిక్సింగ్ చేయకపోతే చాలు, మనమెందుకు భయపడాలి అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎవరైనా ఫిక్సింగ్‌కు పిలిచారన్న సంగతి దాచినా నేరమే. ‘ఛీ పో’ అని తిట్టి బ్లాక్ చేసి, ఆ సంగతి మర్చిపోయిన అమ్మాయి కూడా నిబంధన తప్పినట్టే. డబ్బు తీసుకుని తన గాయం గురించో, రేపటి మ్యాచ్ నుంచి తప్పుకుంటున్న సంగతో బయటివాళ్లకు చెప్పినా నేరమే. టెన్నిస్ మీద పందెం కాయడం ఆటగాళ్లకే కాదు, కోచ్‌కూ, టోర్నీలో పాస్ తీసుకుని వెంట ఉన్న అమ్మానాన్నలకూ నిషిద్ధం. గ్యాలరీలో కూర్చుని ఫోన్‌లో సరదాగా ఏదో టెన్నిస్ మ్యాచ్ మీద రెండొందలు కాసే అన్నయ్య చెల్లెలి ర్యాంకింగ్‌కు ఎసరు పెడుతున్నాడు. విచారణకు పిలిచి ఫోన్ అడిగితే ఇవ్వాల్సిందే, ఇవ్వనంటే అదో నేరం. పదిహేడేళ్ల పిల్ల ఇంగ్లిషులో ఉన్న ఆ నిబంధనల పుస్తకం మొత్తం చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టి ఉంటుందని ఎవరైనా నమ్ముతారా? చదివి చెప్పాల్సింది పెద్దలే.

రెండో బెడద తిట్లు. గెలుస్తుందని పందెం కాసినవాడు ఓడిపోతే ఆ కోపం ఫోన్ ద్వారా నేరుగా అమ్మాయి గదిలోకి వస్తుంది. మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ, అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కలిసి 2025 జూన్‌లో బయటపెట్టిన నివేదిక ప్రకారం, 2024లో 458 మంది ఆటగాళ్లను ఉద్దేశించి దాదాపు 8 వేల దూషణ పోస్టులు, కామెంట్లు వచ్చాయి. వాటిలో 40 శాతం పందెం పోగొట్టుకున్నవాళ్లవే. ఎవరికీ కనిపించకుండా నేరుగా పంపిన మెసేజ్‌లలోనైతే వాళ్ల వాటా 77 శాతం. బ్రిటన్ క్రీడాకారిణి కేటీ బౌల్టర్ తనకొచ్చిన మెసేజ్‌లను ధైర్యంగా బీబీసీకి చూపింది. తనకు జబ్బు రావాలని, ఇంట్లోవాళ్లు చావాలని కోరుకునే రాతలవి. ఫ్రాన్స్‌కు చెందిన కరోలిన్ గార్సియా 2024 యూఎస్ ఓపెన్‌లో ఓడాక తనకొచ్చినవి బయటపెట్టింది. వాళ్లకు కోచ్‌లున్నారు, మేనేజర్లున్నారు, మానసిక నిపుణులున్నారు. మొనాస్టిర్ హోటల్ గదిలో ఒంటరిగా కూర్చున్న పంతొమ్మిదేళ్ల హైదరాబాదీ పిల్లకు ఎవరున్నారు? రాత్రి పదకొండు గంటలకు మెసేజ్ చూసుకుని, మర్నాడు ఉదయం డబుల్స్ ఆడటానికి వెళ్లాలి. తప్పు తనదేనేమో అనిపించడం మొదలవుతుంది. ఇంటికి చెబితే నాన్న వెనక్కి రమ్మంటాడన్న భయం ఒకటి.

తెలుగు నేలకు ఇది ఎక్కడో జరిగే కథ కాదు. సానియా మీర్జా ఎదిగిన ఊరు మనది. భమిడిపాటి శ్రీవల్లి రష్మిక 2025 ఏప్రిల్‌లో పుణేలో, మహిళల జాతీయ జట్లు తలపడే బిల్లీ జీన్ కింగ్ కప్‌లో ఆడిన సింగిల్స్ అన్నీ గెలిచింది. యమలపల్లి సహజ దేశానికి ఆడుతోంది. వాళ్లను చూసి రాకెట్ పట్టిన పిల్లలు హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖ అకాడమీల్లో తెల్లవారుజామునే సాధన చేస్తున్నారు. వాళ్లంతా ఈ అట్టడుగు మెట్టు ఎక్కే పైకి పోవాలి, వేరే దారి లేదు.

చట్టం ఉంది కదా అనొచ్చు. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ మొనాస్టిర్‌లో ఆడే మన అమ్మాయి మీద పందెం కాసేది మన చట్టాలు అందని దేశాల్లో. తిట్టేవాడి ఖాతా ఏ దేశానిదో కూడా తెలియదు. ఇక్కడి చట్టం ఇక్కడి పందెంగాడిని భయపెట్టొచ్చు, అక్కడి పిల్లను కాపాడలేదు.

కాబట్టి చేయాల్సింది మనమే. టోర్నీకి బయల్దేరే ముందే ఇంట్లో తలుపు వేసి మాట్లాడండి. ‘ఎవరైనా డబ్బు ఇస్తామంటే అదే రోజు నాకు చెప్పు, నిన్ను తిట్టను, ఆట మాన్పించను’ అని నాన్న నోటితో అనాలి. ఆ మాట ముందే అనకపోతే పిల్ల చెప్పదు. అలాంటి మెసేజ్ వస్తే జవాబివ్వొద్దు, చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్ తీసి టోర్నీ సూపర్‌వైజర్‌కు చూపించాలి, ఐటీఐఏకు తెలియజేయాలి. బెదిరింపులైతే మన జాతీయ సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మ్యాచ్ రోజున అమ్మాయి సోషల్ మీడియా ఖాతాలు ఇంట్లో ఎవరో ఒకరు చూసుకోవడం మేలు. తెలియనివాళ్లు మెసేజ్ పంపలేకుండా సెట్టింగ్ మార్చడానికి రెండు నిమిషాలు చాలు. అకాడమీ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి భుజం నొప్పి, ఎవరు రేపు ఆడటం లేదు అన్న కబుర్లు నేటితో ఆపండి. గ్రూపులో ఉన్న నూట యాభై మందీ మనవాళ్లే అని ఎవరు హామీ ఇస్తారు? స్పాన్సర్ అని వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందు పెద్దవాళ్లు కలవాలి. ఏ పనికి, ఎంత, ఏ ఖాతా నుంచి అన్నది కాగితం మీద ఉండాలి. నిజమైన స్పాన్సర్ దీనికి అభ్యంతరం చెప్పడు.

అఖిల భారత టెన్నిస్ సంఘం, రెండు తెలుగు రాష్ట్రాల సంఘాలు చేయాల్సింది ఇంకా ఉంది. మన దేశంలో జరిగే ప్రతి అంతర్జాతీయ మహిళా టోర్నీలో, మొదటి రోజు సైన్ ఇన్ దగ్గరే, ఈ నిబంధనల్ని తెలుగు, హిందీ, తమిళం వంటి భాషల్లో ఒక పేజీ కాగితంగా చేతికివ్వాలి. ఒంటరిగా విదేశాలకు వెళ్లే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు సంఘం తరఫున రాత్రీపగలూ ఫోన్ ఎత్తే ఒక మనిషి, వీలైతే మహిళ, ఉండాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. డబ్ల్యూ15 మ్యాచ్‌ల లైవ్ స్కోర్లను బెట్టింగ్ సంస్థలకు అమ్మడం ఆపాలని అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యదేశంగా భారత్ అడగాలి. 2018లోనే కమిటీ చెప్పిన మాట అది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మీ అమ్మాయి వచ్చే వారం టోర్నీకి వెళుతుంటే, సూట్‌కేస్ సర్దేలోపు ఈ విషయం ఆమెతో మాట్లాడండి. సూపర్‌వైజర్ నంబరు, 1930, ఇంట్లో ఏ వేళనైనా ఫోన్ ఎత్తేవారి నంబరు, మూడూ ఆమె ఫోన్‌లో సేవ్ చేయించాకే బయల్దేరనివ్వండి.