హాస్యపు వంత నోరు ఎవరు కట్టేశారు?

మా ఉరుకుందకు ఉత్తరాన ప్రవహించే తుంగభద్రకు ఆవలి ఒడ్డు 1948 సెప్టెంబరు దాకా నిజాం రాజ్యం. ఈవలి ఆదోని తాలూకా అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఏరు వేరుచేసిన ఆ రెండు ప్రభుత్వాలూ ఒకే దానికి జడిశాయి. అది పాట. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరను, నవాబును వెక్కిరించిన కళాకారులను నిజాం పోలీసులు వేటాడారు. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఆ వెక్కిరింత ఎవరిది? ఇది కులం ప్రశ్న. గొల్లసుద్దులను పోరాట కథలుగా మలచిన సుద్దాల హనుమంతు నేతపని వారి ఇంట పుట్టినవాడు. బుర్రకథను ఊరూరా మోసిన షేక్ నాజర్ దూదేకుల బిడ్డ. నిజామును నిలదీస్తూ బండి యాదగిరి కట్టిన పాట, దశాబ్దాల తరువాత ‘మా భూమి’ చిత్రంలో దళితుడైన గద్దర్ గొంతున మళ్లీ లేచింది. దొర ముందు చెప్పులు విడిచి నిలబడవలసిన మనిషికి వాదించే హక్కు లేదు. నవ్వే వీలును మాత్రం సుద్దుల వేషం ఇచ్చింది. ఊరంతా కలిసి ఒకసారి నవ్వాక దొర భయం మునుపటిలా నిలవదు.

బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. నేటి ఎన్నికల వేదికపై డప్పు ఉంది, వరుస ఉంది; నాయకుని పేరు మాత్రం మారుతుంది. హాస్యపు వంత నోరు పెగలదు. నేను కళాకారుణ్ణి నిందించను. సుగ్గికి పోయే ఇంటికి ఆ రోజు కూలి అవసరం. నాడు లాఠీ నొక్కిన నోటిని నేడు కూలి కొంటున్నది.

ఇది యుద్ధకాలం కాదుగదా అనేవారున్నారు. కౌతాళం, కోసిగి పల్లెల్లో ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను బడి మాన్పించి, మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోయే కుటుంబాలకు ఆ మాట చెప్పగలరా? ఆ కుటుంబాల్లో అత్యధికులు దళితులు, వెనుకబడిన కులాలవారే.

శ్రావణమాసంలో ఈరన్నస్వామి సన్నిధికి వేలాది జనం వస్తారు. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో ఒక వేదిక ఉండాలి. ఏం పాడాలో ఏ అధికారీ, ఏ పార్టీ చెప్పకూడదు. సుగ్గి కథను ఆ కులాల పిల్లలే కట్టాలి. విద్యార్థులు పాటతోపాటు పాడినవారి పేరునూ రాసి ఉంచాలి. పేరు పోయిన పాటను ఎవరైనా తమదనగలరు.